ఎదురెదురుగ కాదు, పక్కపక్కన

గురువారం పొద్దుగాల గది ఊడ్చి, బెంచి తుడిచి, గద్వాల బస్సు కోసం చూసుకుంట కూసున్న. బస్సు వచ్చింది, పోయింది. సర్వే మేడం దిగలే. చెప్పకుండ వారం తప్పే మనిషి కాదు. ఇంతల ఆశమ్మ ఫోన్ పట్టుకొని ఉరికొచ్చింది. మా వాడల మందులు, సూదులు చూసే పిల్ల ఆమె. గడప అవుతలనే నిలబడి, "అవ్వా, మేడం ఇగ లేదంట. నిద్రలనే గుండె ఆగిపోయిందంట" అన్నది. బెంచి తుడిచిన గుడ్డ ఇంక నా చేతులనే ఉంది.

వినంగనే ఏడుపు రాలే, కోపం వచ్చింది. ఇంత పని నడుమల వదిలేసి ఎట్ల పోతవమ్మా అని. ఏడుపు మాపటికి వచ్చింది, రొట్టె చేస్తుంటే. మల్ల తెల్లారి కల్లు దుకాణం కాడ ఒగడు అన్నడంట: "తాగొద్దన్నామె పోయింది, తాగే మనం ఉన్నం!" అందరు నవ్విన్రంట. ఆ నవ్వు నా చెవుల పడ్డది. గందుకే ఇది రాయిస్తున్న. నాకు అచ్చరం ముక్క రాదు. నేను చెప్తుంటే ఆశమ్మ రాస్తున్నది. నా మాటను సక్కవెట్టొద్దని ముందే చెప్పిన.

మొదాల ఒక మాట. మేడం ఎన్నడు ఎవరిని తాగొద్దనలే. ఆమె మీద మోపిన మొదటి అబద్ధం అదే.

ఆమె పని ఏందో చెప్త. పెద్ద చదువు చదివిన మనిషి. తాగుడు ఇంట్ల జొరబడ్డంక మొగుడు పెండ్లాల నడుమ ఏమైతది, అది అడిగి తెలుసుకునుడు ఆమె పని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఊర్లు శానా తిరిగింది. మొగుణ్ణి అరుగు మీద, పెండ్లాన్ని పొయ్యికాడ వేరువేరుగ కూసోవెట్టి, ఇద్దరిని అవే మాటలు అడిగేది. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకపోయేది. మా ముసలాయన ఏం చెప్పిండో నాకు ఇప్పటికీ తెల్వదు. నేను గీకి గీకి అడిగితే, "ఆయన్నే అడుగు అవ్వా, పక్కనే ఉన్నడు గద" అనేది.

మేము అమరచింతల నేసుకోని బతికేటోళ్లం. గుంట మగ్గం మాది, పట్టు అంచు చీరలు. నడుమ ఆయన నేస్తడు, పక్కన కూసోని అంచు పోగు నేసే నాడె నేను అందిస్త. ఒక్కరితోని అయ్యే పని కాదు. ఆమె మొదటిసారి వచ్చిన్నాడు నేను నూలు కండెలు చుడుతున్న.

"ఇంట్ల ఎవరన్న తాగుతరా అవ్వా?"

"ఇద్దరం తాగుతం. రాస్కో."

ఆశమ్మ నా చెయ్యి గిల్లింది. "అవ్వకు పరాష్కాలు, నవ్వులాటలు ఎక్కువ మేడం" అన్నది.

"పరాష్కం ఏందే? మా అమ్మ తాగింది, మా అత్త తాగింది. బిడ్డ పుట్టినా కల్లే, పీనుగ లేచినా కల్లే. మొగోళ్లు తాగితే అలవాటు, ఆడోళ్లు తాగితే పరాష్కమా?"

(ఆశమ్మ ఇప్పుడు అడుగుతుంది, ఇది గూడ రాయాల్నా అని. రాయి.)

మేడం నవ్వలే, మొకం తిప్పుకోలే. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి, "కలిసి తాగుతరా, ఎవరికి వారా?" అన్నది. నా చేతుల కండె ఆగింది. గంత వయసు వచ్చినా నన్ను ఆ మాట అడిగినోళ్లు లేరు. ఎన్కట మాపు మగ్గం దిగినంక ఇద్దరం వాకిట్ల కూసోని ఒక్క ముంతల తాగేది. ఆయన ఇంత, నేనింత, నడుమ ఏదో మాట. తర్వాత సీసా కల్లు వచ్చింది. ఆయన దుకాణం కాడ, నేను ఇంట్ల. ఎప్పటి సంది గట్లయిందో నేనే మరిచిపోయిన.

మేడంకు ఒక పద్ధతి ఉండె. ఎందుకు అని అడగకపోయేది. "ఎందుకు అంటే మనిషి సాకు వెతుకుతడు అవ్వా. ఎప్పుడు అంటే యాదికి తెచ్చుకుంటడు" అనేది. చాయ ఇస్తే మొగుడు పెండ్లాం ఇద్దరు తాగేదాక తన గిలాస ముట్టకపోయేది. చల్లారిపోయిన చాయనే తాగేది ఎప్పుడూ. వేడి చాయ ఆమె నోటికి తెలుసో లేదో.

అప్పటికే మా ఆయనకు పొద్దుగాల కల్లు పడకపోతే చేతులు వణుకుతుండె. నాడె జారుడు, పోగు తెగుడు. నేను పంచాయితీ పెట్టించిన. పెద్దమనుషులు చాప మీద కూసున్నరు. ఆయన ఒక దిక్కు, నేను ఎదురుంగ ఇంకో దిక్కు. నేను ఆయన మీద చెప్పిన, ఆయన నా మీద చెప్పిండు, తిట్టుకుంట నా అవ్వగారింటి దాక పోయిండు. ఆఖరికి ఆయనదే తప్పని దండుగ వేసిన్రు. మా తాన పద్ధతి తెలుసు గద, దండుగ పైసలు పెద్దమనుషులు తాగుతరు. తాగినందుకు దండుగ, ఆ దండుగతోని కల్లు! మా ముసలాయన గూడ వాళ్ల నడుమ కూసోని తాగొచ్చిండు. "నా దండుగ గద, నేను తాగొద్దా?" అన్నడు.

ఈ ముచ్చట చెప్తే మేడం కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. నవ్వి నవ్వి, కండ్లు తుడుచుకుంది. "మరి నీ బాధ ఎవరు విన్నరు అవ్వా?" అన్నది.

దండుగతోని కాలేదని దేవతకాడ ఒట్టు పెట్టించిన్రు. ఇయ్యాల్టి సంది చుక్క ముట్టొద్దు అని. ఈ తప్పు మా దిక్కు ఇంటింట్ల జరుగుతది. ఒట్టు పెట్టించి, ఇంట్ల వేసి గొళ్లెం పెడ్తరు. రెండు మూడు దినాలకు మా ఆయన ఒళ్లు తెల్వకుండయిండు. మగ్గం గుంటల పాములున్నయని అరుసుడు, కాళ్లు చేతులు కొట్టుకునుడు. గాలి సోకిందన్నరు. నిమ్మకాయలు తెచ్చిన్రు. ఆ దినం మేడం వచ్చింది. గుమ్మంల ఉన్నోళ్లను తోసుకోని లోపలికి పోయింది, నాడి పట్టింది. "గాలి కాదు, ధూళి కాదు. ఆటో పిలువుండ్రి" అని ఒర్లింది. ఆమె గొంతు గట్టిగ విన్నది నేను గా ఒక్కనాడే. దారి పొడుగుత ఆయన తల తన ఒళ్లనే పెట్టుకుంది. దవాఖానల డాక్టర్ చెప్పిండు, కల్లుల కలిపే మత్తు మందుకు ఒళ్లు అలవాటు పడ్డదని, ఒక్కసారి బందువెడితే పానమే పోతదని, మందు ఇచ్చుకుంట మెల్లగ తగ్గియ్యాలని. మా ఊర్ల ఒట్టుకు పోయిన పానాలెన్నో! వాళ్లందరిని దయ్యాలు పట్టి సంపినయి అనుకున్నం.

ఆయన ఇంటికొచ్చినంక ఒకనాడు మేడం అడిగింది, "ఆయన తగ్గిస్తుండు. నువ్వు మాపటిపూట తాగుతనే ఉన్నవా అవ్వా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేనేమన్న మోర్ల పడ్డనా? పోగు తెంపిన్నా? నా కష్టం నేను తాగుత. లేసి పో!" అన్న. ఆమె లేసింది, గొడుగు తీసుకుంది, పోయింది. ఇగ రాదనుకున్న. మల్ల వారం గదే బస్సుల దిగింది. "నిన్ను మానుమని నేను అనలే అవ్వా. అడిగిన, అంతే. నాకు చెప్పకున్నా మంచిదే, ఆయన్ను అడుగు."

మగ్గం మీద అడిగిన. పక్కపక్కన కూసుంటే మొకాలు కనపడవు, చేతులే కనపడ్తయి. "నేను తాగుతుంటే నీకు ఎట్లుంటదయ్యా?" అన్న. ఆయన నాడె ఆపలే. "వాసన వస్తే నా మనసంత నీ ముంత చుట్టే తిరుగుతదే" అన్నడు. గంతే. ఇన్నేండ్లు కొట్లాడినా బయటికి రాని మాట అది. నేను ఆ మాపు తాగలే. మేడం చెప్పిందని కాదు. ఆయన చెప్పిండని.

మేడంకు ఇది చెప్తే మగ్గం దిక్కు చూసింది. "ఎదురెదురుగ కూసుంటే పంచాయితీ అవ్వా. పక్కపక్కన కూసుంటే సంసారం" అన్నది. మా నేతగాళ్ల పాత నూలు గది ఖాళీగ ఉంటే అడిగి తీసుకున్నది, బెంచి చేయించింది. ఇద్దరే పట్టే బెంచి. తనకు ఒక పీట. గురువారం గురువారం మొగుడు పెండ్లాలు వచ్చేది. తాళంచెవి నా బొడ్లనే. కొందరు మానిన్రు, కొందరు తగ్గించిన్రు, కొందరు మల్ల మొదలువెట్టిన్రు. మల్ల మొదలువెట్టినోళ్లు సిగ్గువడుకుంట వస్తే ఆమె బెంచే చూపించేది, మాట అనకపోయేది. సీసా ఒకని చేతుల ఉన్నా ఇల్లు ఇద్దరిది అనేది. ఎంత తాగిండ్రన్నది అందరు అడుగుతరు, తాగొచ్చినంక ఇంట్ల ఎవరు ఎవరితోని మాట్లాడుడు బందువెట్టిన్రో నేను అడుగుత అనేది.

సంసారాలు కూలగొట్టిందని గూడ అంటున్నరు ఆమెను. అవును, ఒక పిల్లను మాత్రం బెంచి మీద కూసోవెట్టలే. ఆ పిల్ల చెంప వాసి ఉండె. మొగుడు పక్కన కూసోనీకె వస్తే మేడం అడ్డం నిలబడ్డది. "కొట్టేటోని పక్కన నేను ఎవర్నీ కూసోవెట్ట" అని, పిల్లను వెంటవెట్టుకోని అవ్వగారింటికి తోల్కపోయింది. కూలిపోయిందంటున్న సంసారం అదే. ఆ పిల్ల ఇయ్యాల బతికి ఉంది. కావాల్నంటే పోయి చూసిరాండ్రి.

ఇంకో మాట, పెండ్లి లేనామెకు సంసారం ఏం తెల్సు అని. నేనూ అడిగిన ఒకసారి, బెంచి మీద రొట్టె, ఉల్లిగడ్డ తినుకుంట. ఆమె రొట్టె తుంచుడు ఆపింది. "మా అమ్మ ఒక గోడకు, మా నాయిన ఒక గోడకు కూసునేటోళ్లు అవ్వా. నడుమ సీసా. నేను ఆ నడుమ పెరిగిన" అన్నది. మల్ల రొట్టె తుంచింది.

మొన్న సోమారం పెద్దమనిషి వచ్చిండు, నాడు మాకు దండుగ వేసినాయనే.

"ఏందవ్వా, మేడం పాయె. ఆ గది తాళంచెవి ఇయ్యి."

"ఇయ్య."

"ఇయ్యకుంటే ఏం చేస్తవ్? నీకు రాయొస్తదా, చదవొస్తదా?"

"రాసేది ఆమెతోని పోయింది. అడిగేది ఉంది. అడుగనీకె చదువు ఎందుకు?"

"మొగుడు పెండ్లాల లొల్లి సూడనీకె పంచాయితీ లేదా? మేం సచ్చినమా?"

"మీరు లేకేమన్నా! మీకు దండుగ లేక నోరెండుతున్నట్టుంది."

మా ముసలాయన మగ్గం గుంటల నుంచి కిసుక్కున నవ్విండు. పెద్దమనిషి మొకం ఎర్రగయింది. "సరే. వచ్చే గురువారం ఒక్కరొస్తరేమో చూస్త. ఎవరు రాకుంటే మాపటికి తాళంచెవి నా చేతుల ఉండాలె."

"ఉంటది. నువ్వు రా, నీ పెండ్లాన్ని తోలుకోని. మొదటి జంట మీరే" అన్న. గిర్రున తిరిగి పోయిండు.

నిన్న ఆ గురువారం. మగ్గం బందువెట్టి ఇద్దరం పోయినం. బెంచి తుడిచిన. మేడం పీట గోడకు ఆనిచ్చి ఉండె, ముట్టలే. బెంచి మీద మేమిద్దరమే కూసున్నం, పక్కపక్కన. గద్వాల బస్సు వచ్చింది, పోయింది. పగటాల అయింది. పెద్దమనిషి బజారు అవుతల అరుగు మీద బీడీ తాగుకుంట మా దిక్కే చూస్తుండు.

"పోదామా?" అన్నడు మా ఆయన.

"నువ్వు పో. ఆ పెద్దమనిషిని నేను పీనుగనయినంక తాళంచెవి తీసుకొమ్మను."

ఆయన పోలే. పొద్దు వాలుతుండంగ గుమ్మంల నీడ పడ్డది. పొరుగు వాడ పోరడు, వాని పెండ్లాం. వాడు తలుపుకు ఇవుతల, ఆమె అవుతల. అడుగుదామా వద్దా అన్నట్టు ఒగరి దిక్కు ఒగరు చూస్తలేరు. పోరని చేతులు వణుకుతున్నయి. ఆ వణుకు మా ఆయనకు నాకంటె ముందే తెలిసింది. లేసి, తువ్వాలతోని బెంచి దులిపి, బయటికి పోయి మెట్టు మీద కూసున్నడు.

నేను నేల మీద కూసున్న, పీట పక్కన. "రాండ్రి. ఎదురెదురుగ కాదు, పక్కపక్కన" అన్న. వాడు ఆ కొసకు, ఆ పిల్ల ఈ కొసకు. ఇద్దరే పట్టే బెంచి మీద నడుమ ఇంకో మనిషి కూసునేంత జాగ పెట్టిన్రు.

ఎందుకు అని నోటిదాక వచ్చింది, మింగిన.

"బిడ్డా," అన్న, "ఎప్పటి సంది?"