వెనక ద్వారం కాపలా

నా చిన్నప్పుడు మా కళ్లముందే ఒక దేశం పుట్టింది. ఆ చలికాలం గడవకముందే అంతరించిపోయింది కూడా. కెనడాలోని కిచెనర్‌లో మేము అద్దెకున్న అపార్ట్‌మెంట్ వెనక, పార్కింగ్ లాట్ చివర, స్నో ప్లౌ బండి మంచునంతా తోసుకొచ్చి పోసే గుట్ట ఒకటి ఉండేది. క్రిస్మస్ సెలవుల నాటికి అది మనిషి ఎత్తును మించిపోయింది. గుట్ట అవతల తీగల కంచె, కంచె అవతల ఆకుల్లేని చెట్లు. ఆ గుట్టే మా దేశం.

మేము హైదరాబాదు నుంచి వచ్చి అప్పటికి కొన్ని నెలలే. నాకు ఏడేళ్లు. అమ్మ నన్ను ఆటకు పంపేటప్పుడు "అక్క చెప్పినట్టు విను" అని ఒక్క మాటే చెప్పేది. అక్క అంటే పక్కింటి అక్క. వాళ్లది కరీంనగర్, అమెరికాలో కొన్నాళ్లుండి ఇక్కడికి వచ్చారు. పదకొండేళ్ల పిల్ల అయినా మాటకు ఎదురు లేదు.

అంతవరకు ఆ గుట్ట పెద్ద మగపిల్లల సామ్రాజ్యం. వాళ్ల స్లెడ్లు, అంటే మంచు మీద జారే బల్లలు, మోసిపెట్టినవాళ్లకే పైనుంచి జారే భాగ్యం. అక్క అది సహించలేక ఒకరోజు పాత దుప్పటి ముక్కను హాకీ కర్రకు కట్టి, గుట్టలో వెనక సగానికి స్వాతంత్ర్యం ప్రకటించింది. ఎన్నికలు పెట్టి, పోటీ లేకుండా తానే ప్రెసిడెంట్ అయింది. కొత్త దేశాలకు ఉండే కష్టాలన్నీ మాకూ వచ్చాయి. విదేశాంగ మంత్రి ఒక ఎర్ర స్లెడ్ ఆశకు శత్రువుల్లో కలిసిపోయాడు. ఇద్దరు మంత్రులు ఒకే చేతితొడుగుల జత కోసం కొట్టుకుని రాజీనామా చేశారు. అవతలివాళ్లు మంచుబంతులు విసిరితే తిప్పికొట్టడానికి మా సైన్యంలో మిగిలింది చిన్నపిల్లలమే.

కింది అంతస్తులో ఒక తాత ఒంటరిగా ఉండేవారు. ఎక్కడో కొండల్లో, ఒక పెద్ద దేశం నుంచి విడిపోయి కొత్తగా ఏర్పడిన చిన్న దేశంలో ఆయన సైనికుడిగా పనిచేశారట. ఆ దేశం ఇప్పుడు ఏ పటంలోనూ లేదని మా నాన్న చెప్పారు. ఆయనకు ఇంగ్లిషు కొద్దిగానే వచ్చు. మా యుద్ధాలు చూసి నవ్వుకుంటూ, అక్క అడిగితే కాపలా కాయడం ఎలాగో నేర్పారు. కాపలాకు నిలబెట్టిన మనిషి, తన చోట ఇంకొకరు వచ్చి నిలబడేదాకా కదలకూడదు. వచ్చినవాళ్లు భుజం తాకి "నేనొచ్చాను, నువ్వు వెళ్లు" అనాలి. దూరం నుంచి ఎవరు ఎంత పిలిచినా లెక్కలేదు.

యుద్ధం జరిగిన మధ్యాహ్నం అక్క నన్ను గుట్టకు వెనక, కంచె వైపు మేము తవ్వుకున్న సొరంగంలో కూర్చోబెట్టింది. "నువ్వే బ్యాక్ గేట్. ఎవరైనా వస్తే గట్టిగా కేక వెయ్యి. కదిలావో, నీ సిటిజన్‌షిప్ క్యాన్సిల్ చేస్తా" అంది. నేను బుర్ర ఊపాను.

మొదట గుట్ట అవతల కేకలు, నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. తరువాత అవి సన్నగిల్లాయి. తరువాత ఏమీ లేదు. మంచు లోపలి నిశ్శబ్దం బయటి నిశ్శబ్దం లాంటిది కాదు. చెవుల్లోకి దూది దూర్చినట్టుంటుంది. సొరంగం గోడలు తెల్లగా ఉన్నవి కాస్తా నీలంగా మారాయి. కంచె అవతలి చెట్లు ఒక్కొక్కటే దగ్గరికి జరిగినట్టు అనిపించింది. నా తల మీద, గుట్టపైన, ఎవరో బరువుగా అడుగులు వేస్తున్నట్టు చప్పుడు. అడుగులు ఆగేవి. నేను ఊపిరి వదిలితే మళ్లీ మొదలయ్యేవి. ఎక్కడి నుంచో అమ్మ పిలుస్తున్నట్టు కూడా వినిపించింది. దూరం నుంచి పిలిస్తే లెక్కలేదు కదా అని నేను కదల్లేదు. కాళ్లు ఉన్నాయో లేవో తెలియడం మానేసింది. భయం కూడా మెల్లగా పోయి, హాయిగా నిద్ర రాసాగింది.

అసలు జరిగింది ఏమిటంటే, రెండు దేశాలకూ సంధి కుదిరింది. మగపిల్లల్లో ఒకడి ఇంట్లో పిజ్జా తెప్పించారని తెలిసి రెండు సైన్యాలూ కలిసి వెళ్లిపోయాయి. వెనక ద్వారం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పిల్లలంతా లోపలికి రావడం కిటికీలోంచి చూసిన తాతకు, వాళ్లలో నేను లేనని చీకటి పడుతుండగా తట్టింది.

సొరంగం నోటికి ఒక నల్లటి ఆకారం అడ్డం వచ్చింది. ముఖం కనబడలేదు. లోపలికి ఒక చెయ్యి వచ్చి నా భుజం తాకింది. "నేనొచ్చాను, నువ్వు వెళ్లు" అన్న గొంతు తాతదే. నన్ను లాగలేదు, తిట్టలేదు. నేను పాకి బయటికి వచ్చాక సైనికుడికి చేసినట్టే సెల్యూట్ చేశారు. ఆయన ఒంటిమీద కోటు లేదు, కాళ్లకు ఇంట్లో వేసుకునే చెప్పులు. సొరంగంలో ఆయన పట్టరు కనుక గుట్ట ఎక్కి, సరిగ్గా ఆ సొరంగానికి పైన, చెట్ల వైపు తిరిగి నిలబడ్డారు.

నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి అమ్మానాన్నలు నన్ను వెతుకుతూ ఎదురొచ్చారు. అప్పుడే పార్కింగ్ లాట్‌లోకి స్నో ప్లౌ వచ్చింది. దాని నెత్తిన నారింజ రంగు దీపం తిరుగుతోంది. మంచును తోసుకుంటూ తిన్నగా గుట్ట మీదికి వెళ్లి, పైన మనిషిని చూసి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు, అరిచాడు. తాత వెనక్కి తిరగలేదు. నాన్న వెళ్లి బతిమాలారు. ఆయన పలకలేదు. దీపం తిరిగినప్పుడల్లా ఆయన వీపు కనిపించి మాయమయ్యేది. చొక్కా గాలికి కొట్టుకుంటోంది గానీ మనిషిలో చలనం లేదు.

"నాన్నా, అలా పిలిస్తే రారు. నువ్వు పైకెళ్లి నిలబడాలి" అన్నాను.

"ఇదేం ఆటమ్మా ఇప్పుడు?"

"ఆ చలిలో చచ్చిపోతాడండీ! పిల్ల చెప్పినట్టు చెయ్యండి" అని అమ్మ గదమాయించింది.

నాన్న సిగ్గుపడుతూనే గుట్ట ఎక్కి, ఆయన భుజం తాకి, నేను చెప్పిన మాట ఇంగ్లిషులో అన్నారు. తాత అప్పుడు నాన్న ముఖంలోకి చాలాసేపు చూశారట. ఎదుట ఉన్నది నిజంగా మనిషేనా అని తేల్చుకుంటున్నట్టు. తరువాత మెల్లగా దిగి వచ్చారు. నాన్న పైనే అటూ ఇటూ చూస్తూ ఉంటే అమ్మ, "మీరూ అక్కడే కాపురం పెడతారా?" అని అరిచింది. నాన్న దిగాక బండి ముందుకు కదిలింది. గుట్ట ఒక్కసారి నిట్టూర్చినట్టు చప్పుడై, సొరంగం ఉన్నచోట సొట్టపడి కూరుకుపోయింది. అమ్మ వేళ్లు నా భుజంలో గుచ్చుకున్నాయి.

మా వంటింట్లో, కాళ్లకు దుప్పటి చుట్టుకుని టీ తాగుతూ తాత తన దేశం గురించి చెప్పారు. నాన్న అర్థమైనంతవరకు మాకు తెలుగులో చెప్పారు. జెండాను బడిపిల్లలు కుట్టారట. లెక్కల మాస్టారు అధ్యక్షుడట. రాజధానిలో నాయకులు పదవుల కోసం కొట్లాడుకుంటుంటే, వేట తుపాకులతో కుర్రాళ్లు సరిహద్దు కాశారట. ఈయనను ఒక కనుమలో ఒంటరిగా నిలబెట్టారు. మంచు పడుతూనే ఉంది. ఎవరూ రాలేదు. నిద్ర ముంచుకొస్తుండగా ఒక సాయంత్రం ముఖానికి గుడ్డ చుట్టుకున్న మనిషి ఒకడు వచ్చి భుజం తాకి, "నేనొచ్చాను, నువ్వు వెళ్లు" అన్నాడు. తుపాకీ అతనికిచ్చి ఈయన దిగి వచ్చేశారు. కింద శిబిరంలో పొయ్యి చల్లారి ఉంది, మనుషులు లేరు. నాయకులు లొంగిపోయి సంతకాలు పెట్టేశారని, ఆ మనిషి కనుమలోకి రాకముందే అందరూ ఇళ్లకు వెళ్లిపోయారని తరువాత తెలిసింది. బతికున్న తోటివాళ్లందరినీ అడిగారు. కనుమలోకి వెళ్లానని ఒక్కరూ అనలేదు.

"మరి ఆ గుడ్డ చుట్టుకున్న మనిషిని దించడానికి ఎవరెళ్లారు?" అని అడిగాను.

నాన్న ఆ ప్రశ్నను ఇంగ్లిషులోకి మార్చారు. తాత కప్పు కింద పెట్టి, కిటికీ వైపు తిరిగారు.

ఇప్పుడు నాకొక కొడుకు. నాలుగేళ్లు. దుకాణంలోనో, స్కూలు గేటు దగ్గరో "ఇక్కడే ఉండు" అన్న మాట నా నోట తప్పనిసరిగా వస్తుంది. పని ముగిశాక దూరం నుంచి పిలవను. వెళ్లి, వాడి భుజం తాకి, "నేనొచ్చాను, నువ్వు వెళ్లు" అంటాను. వాడికి అదొక సరదా. "ఓకే అమ్మా, బై!" అని వాళ్ల నాన్న దగ్గరికి పరుగెత్తుతాడు. వాడు నిలబడిన చోట నేను ఒక్క క్షణం నిలబడతాను. వెనక నుంచి ఎవరైనా వచ్చి నా భుజం తాకుతారేమోనని ఒళ్లు బిగుసుకుంటుంది. ఎవరూ రారు. రారని నిశ్చయమయ్యాకే కాలు కదుపుతాను.