గోడ అవతల

ధర్మవరం నుంచి హిందూపురం బస్సులో నెలల పాపతో వెళ్తున్నాను. అక్కడ అద్దె ఇల్లు వెతుకుతున్నామని తెలియగానే, పక్క సీట్లోని తెల్లచొక్కా పెద్దమనిషి తన కాలనీ పేరు చెప్పాడు.

"చంటిబిడ్డలుండేవాళ్లకు అంత మంచి చోటు ఇంక యాడా ల్యాదమ్మా. మా వీధిలో చెత్తనేదే కనపడదు."

నాకూ ఆశ పుట్టింది.

పెనుకొండలో బస్సు ఆగినప్పుడు పాపకు డైపర్ మార్చి, పాతది కవర్లో చుట్టాను. "ఇట్లియ్యమ్మా" అంటూ ఆయన అందుకుని, నేను వద్దనేలోగా కిటికీలోంచి విసిరేశాడు. అది కింద కనకాంబరాలు అమ్ముకుంటున్న ఆవిడ బుట్ట పక్కన పడింది. ఆవిడ తలెత్తి, ఒళ్లో బిడ్డతో ఉన్న నన్నే చీదరగా చూసింది.

"మీ కాలనీలో చెత్త యాడేస్తారు?" అని అడిగాను.

"గోడ అవతలికి. ఆడుండేది మన మాదిరోళ్లు కాదులేమ్మా" అన్నాడు, రుమాలుతో వేళ్లు తుడుచుకుంటూ.

చివరికి మా జీతానికి ఇల్లు దొరికింది ఆ గోడ అవతలే. పాప ఇప్పుడు పాకుతోంది. అది నిద్ర లేవకముందే, వాకిట్లో వచ్చి పడిన కవర్లన్నీ ఏరేస్తాను. వాటిలో డైపర్లూ ఉంటాయి. పెద్దమనిషి అబద్ధం చెప్పలేదు. చంటిబిడ్డలున్నవాళ్లకు ఆ కాలనీ బాగానే ఉన్నట్టుంది.