డూపు లేని దేవుడికి నేను చేసిన వీడియో

మూడు ఊర్ల జనం ముందర, గోడంత తెర మీద, నా దేవుడి పరువు తీసింది నేనే. శత్రువులు తీయలే, పక్క హీరో ఫ్యాన్లు తీయలే. ఆయన ఫోటో పర్సుల పెట్టుకొని తిరిగే నేనే, నా ఈ రెండు చేతులతోటి తీసిన. ఎట్లనో చెప్త, నవ్వుకోండి. ఆ రోజు నవ్వినోళ్ల మొకాలు మాత్రం నాకు ఇప్పటికీ యాదికున్నయ్.

హీరో పేరు చెప్పను. ఆయన అభిమానులు సూర్యాపేటల ఇంకా ఉన్నరు, నేనూ గీడనే బతకాలె గద.

రెండువేల ఎనిమిదో సంవత్సరం. నాకు ఇరవై రెండేండ్లు. డిగ్రీ అయిపోయి, బస్టాండ్ దగ్గర యాదగిరన్న ఫోటో స్టూడియోల మిక్సింగ్ పనికి కుదిరిన. మిక్సింగ్ అంటే పిండి కలుపుడు కాదు. పెండ్లి వీడియోలు కోసి, పాటలు అతికి, పెండ్లికొడుకును తామరపువ్వుల నుంచి బయటికి తీసుడు. నా చేతిల పడితే మేనమామ కూడ చందమామల తేలుతడు. ఆ రోజుల్ల ఈ చుట్టుపక్కల పెండ్లి చేసుకున్నోళ్లల్ల సగం మందిని గుండె గుర్తుల పెట్టి గిర్రున తిప్పింది నేనే.

గానీ నా ప్రాణం పెండ్లిళ్లల్ల లేకుండె. ఆషాఢం వస్తే పెండ్లిళ్లు బంద్, కంప్యూటర్ ఖాళీ. గప్పుడు నేను నా హీరో సీడీలన్నీ ముందర పోసుకొని, ఆయన సినిమాల ముక్కలు కోసి వేరే పాటకు అతికేదాన్ని. ఫ్యాన్ వీడియో అంటరు. మొదటిసారి చేసినప్పుడు నా ఒళ్లు గగుర్పొడిచింది. ఒక సినిమాల ఆయన తలుపు తీస్తడు. నాలుగేండ్ల తర్వాత తీసిన ఇంకో సినిమాల ఎండలకు నడిచొస్తడు. ఆ రెండూ పక్కపక్కన పెడితే, ఈ తలుపు తీసి ఆ ఎండలకే వచ్చిండు! మధ్యల నాలుగేండ్లు మాయం. దర్వాజ తీసిన చప్పుడు డప్పు దెబ్బ మీద పడాలె, అడుగు తాళం మీద పడాలె. వేలితోటి బల్ల మీద దెబ్బలు లెక్కపెట్టుకుంట కూసునేదాన్ని. కుదిరిన ఆ ఒక్క క్షణం ఉంటది సూడండి, నేను కంప్యూటర్‌కు దండం పెట్టిన రోజులున్నయ్. యాదగిరన్న సూసి, "ఆయుధపూజ దసరాకు చేస్తరు పిల్లా" అన్నడు.

ఆ ఆషాఢంల సైదులన్న వచ్చిండు. పేట ఫ్యాన్స్ సంఘానికి ప్రెసిడెంట్. మనిషి ఐదడుగులు, గొంతు పదడుగులు.

"సెల్లె, అన్న పుట్టినరోజుకు ఈసారి మూడు ఊర్లోళ్లం ఒక్కకాడ కలుస్తున్నం. మన పేటల్నే, ఫంక్షన్ హాల్ల. కోదాడోళ్లు ఒక వీడియో తెస్తున్నరు, మిర్యాలగూడోళ్లు ఒకటి తెస్తున్నరు. మనది సూసినంక వాళ్లు మళ్ల జన్మల మౌస్ పట్టొద్దు."

"పట్టరు సైదులన్నా."

"కోదాడోళ్లది ఇంటర్నెట్ల పెడితే దుబాయి నుంచి కామెంట్లు వస్తున్నయంట."

"మనది సూస్తే దుబాయోళ్లు విమానమెక్కి వస్తరు."

గిట్లుంటది నా నోరు. పిచ్చోని చేతిల రాయి ఎంతో, ఫ్యాన్ చేతిల మౌస్ గంతే.

అప్పుడు ఆయన సినిమా ఒకటి కొత్తగ వచ్చింది. అందుల హీరో వంతెన మీదికెళ్లి కింద పోయే గడ్డి లారీ మీదికి దుంకుతడు. కన్ను మూసి తెరిచేలోపల అయిపోతది. గానీ ఆ దుంకుడుకు థియేటర్ల పైకప్పు లేస్తుండె. "అన్న డూపు లేకుండ సొంతంగ దుంకిండు" అని మా మతం. పక్క హీరో ఫ్యాన్లు కాదంటే చాయ్ హోటల్ల గ్లాసులు పగిలేవి.

నా వీడియోకు గదే ప్రాణం అనుకున్న. ఆ ఒక్క సెకనును పది రెట్లు సాగదీసిన. గాలిల తేలుతున్న మనిషిని నెమ్మదిగ, నెమ్మదిగ దగ్గరికి గుంజి, మొకం నిండుగ వచ్చినంక ఆపేసిన. కింద మంటలు పెట్టి, బంగారు అక్షరాలతోటి రాసిన: "డూపు లేని దేవుడు".

సూసుకోలేదా అని అడుగుతరు. సూసిన! గానీ ఆ కంప్యూటర్‌ల బొమ్మ పెద్దగ చేస్తే మిషిన్ ఆగిపోతది. అగ్గిపెట్టెంత కిటికీల చూసుకుంట పని చేసుడే. అంతల జుట్టు ఆయనదే, మీసం ఆయనదే, ఎర్ర చొక్కా ఆయనదే. మొకం జర వెడల్పు అనిపించింది. గాలికి గట్లయింది కావచ్చు అనుకున్న. ప్రేమ గుడ్డిదంటరు. అభిమానానికైతే రెండు కండ్లకూ మోతిబిందు పొర ఉంటది.

పాట మొత్తం తయారై డిస్కుల ఎక్కేసరికి రెండుసార్లు కరెంటు పోయింది. సైదులన్న బండి స్టార్ట్ చేసుకొని వాకిట్లనే ఉన్నడు. ఇంకా వెచ్చగున్న డిస్కును అట్లనే గుంజుకపోయిండు. పోయేటప్పుడు, "ఒక కాపీ కేబుల్ టీవీ వాళ్లకు కూడ ఇస్తున్న, పేటంత సూడాలె" అన్నడు. నేను గర్వంగ తలూపిన.

తెల్లారి పదకొండింటికి ఫంక్షన్ హాల్. మూడు వందల మంది మొగోళ్లు, నేను ఒక్కదాన్నే ఆడపిల్ల. యాదగిరన్న పక్కన కూసున్న. ముందు మిర్యాలగూడ వీడియో వేసిండ్రు. మొదలు నుంచి చివరిదాక మంటలే. హీరో కంటే పొగ ఎక్కువ కనపడ్డది. తర్వాత కోదాడోళ్లది. నిజం చెప్పాలె, బాగుండె. నీళ్లు పారినట్టు ఉండె. నాకు కడుపుల మండింది.

ఇగ మనది. తలుపు తెరుచుకున్నది, డప్పు పడ్డది, ఎండలకు వచ్చిండు. హాల్ల గాలి ఆగింది. మూడు వందల మందిల ఒక్కడు దగ్గలే. కోదాడాయన ఒకాయన కుర్చీల ముందుకు వంగి, నోరు తెరిచి సూస్తున్నడు. నేను అతికిన ముక్కల్ల ఇంత బలం ఉన్నదా అని నాకే భయమైంది. సైదులన్న వెనక్కి తిరిగి నా దిక్కు సూసిండు. ఆయన కండ్లల్ల నీళ్లు!

వంతెన వచ్చింది. అందరు లేచి నిలబడ్డరు. హీరో దుంకిండు. నెమ్మదిగ. ఇంకా నెమ్మదిగ. మొకం దగ్గరికొచ్చింది. తెర నిండింది.

ఆయన ఎవరో నాకు తెల్వదు.

కండ్లు గట్టిగ మూసుకున్నడు, నోరు గుహ లెక్క తెరిచిండు, అంటించిన మీసం ఒక పక్క లేచి గాలిల ఆడుతున్నది. ఎద్దులబండి అంత మొకం. కింద మంటల్ల బంగారు అక్షరాలు: డూపు లేని దేవుడు.

ఆ బొమ్మ గట్లనే ఆగిపోయి నాలుగు సెకన్లు ఉంటది. నేనే పెట్టిన. నా జీవితంల ఏ నాలుగు సెకన్లూ అంత పొడుగు లేకుండె.

కోదాడాయన మెల్లగ లేచి చాలా మర్యాదగ అడిగిండు: "సైదులు గారూ, మనం ఎవరి పుట్టినరోజు చేస్తున్నామండీ?"

మిర్యాలగూడ దిక్కు నుంచి ఒకడు అరిసిండు: "అరే, కేకు మీద పేరు మార్పియ్యుండ్రి రా!"

ఇగ సూడండి, హాల్ కూలింది. కుర్చీల మీద పడి నవ్వినోళ్లున్నరు. సైదులన్న మొకం మాత్రం తెల్లకాయితం అయింది. అంతల ఆయనకు ఇంకొకటి యాదికొచ్చింది. ఫోన్ తీసి కేబుల్ వాళ్లకు కొట్టిండు. "అరే తమ్మీ, గా డిస్కు..."

అవతల నుంచి గొంతు మాక్కూడ వినపడ్డది: "మస్తుగుందన్నా! పొద్దటికెళ్లి గంటకోసారి ఏస్తున్నం. పబ్లిక్ ఒకటే ఫోన్లు!"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నరు పెద్దలు. అగ్గిపెట్టెల గెలిచి తెర మీద ఓడినోళ్ల గురించి వాళ్లకు తెల్వదు పాపం.

తెల్లారి స్టూడియోకు పోయేసరికి సైదులన్న అప్పటికే కూసోని ఉన్నడు. యాదగిరన్న నా మొకం సూడకుండ కాయితం, పెన్ను ముందర పెట్టిండు.

"క్షమాపణ రాయి పిల్లా. రాసి, నీ సామాను తీస్కపో. ఫ్యాన్స్ సంఘంతోటి పెట్టుకొని నేను ఈ ఊర్ల దుకాణం నడపలేను."

నా నౌకరి పోయిందని గట్ల తెలిసింది. సైదులన్న చెప్తున్నడు: "రాయి. 'నేను తెలివితక్కువతనంతోటి...'" నేను "తెలివి" దాక రాసిన. అక్షరాలు అలికినట్టు కనపడుతున్నయ్.

గప్పుడే వాకిట్ల ఒక ముసలామె వచ్చి నిలబడ్డది. బరువుగున్న సంచి, చేతిల ఇంకా బస్సు టికెట్.

"లారీ మీదికి దుంకినాయన పాట చేసింది ఈడనేనా?"

యాదగిరన్న నెత్తి పట్టుకున్నడు. "పెద్దమ్మా, నువ్వు కూడ ఫ్యానేనా? తిట్టేది ఉంటే వరుసల నిలబడు."

"నేను వాని తల్లిని."

ముగ్గురం లేచి నిలబడ్డం. హీరో తల్లి అయితే పెద్ద కార్ల రావాలె, ఈమె ఎర్రబస్సుల వచ్చింది. సైదులన్న ఆమె దిక్కు, డిస్కు దిక్కు, మళ్ల ఆమె దిక్కు సూసిండు. ఆ వెడల్పు మొకం ఈమెదే.

కుర్చీ వేసి నీళ్లిస్తే చెప్పింది. తిరుమలగిరి దగ్గర ఊరు. గొర్ల మంద ఉన్నది. కొడుకు మల్లేష్.

"గొర్లు కాయరా అంటే వినక పట్నం పోయిండు. పదకొండేండ్లాయె. సినిమాల్ల దుంకుతున్న అమ్మా అంటడు. ఏ సినిమారా అంటే పేరు చెప్తడు. మేము బస్సెక్కి వచ్చి సూస్తం. యాడ్నన్న కనపడతడేమో అని కన్ను ఆర్పకుండ సూస్తం. కనపడడు. ఊర్ల అందరు హోటల్ల ప్లేట్లు కడుగుతున్నడు అంటరు. వాళ్ల నాయిన, 'వాడు అబద్ధమాడుతున్నడే' అని సినిమాకు వచ్చుడే బంద్ చేసిండు. నిన్న మా బిడ్డ, గీ పేటల్నే ఉంటది, టీవీల సూసి ఫోన్ చేసింది. జర సూపిస్తవా బిడ్డా?"

వేసిన. వంతెన, దుంకుడు, మొకం.

ఆమె లేచి మానిటర్ దగ్గరికి పోయింది. వేలితోటి ఆ మూసుకున్న కండ్లను ముట్టింది.

"మల్లేశే. బాయిల దుంకినా గంతే. గిట్లనే కండ్లు మూసుకుంటుండె." జర సేపైనంక, "మళ్ల ఏయి" అన్నది. ఐదుసార్లు వేసిన. ఆరోసారి అడిగింది: "కింద ఏం రాసినవ్ బిడ్డా?"

అప్పుడు సైదులన్న, డూపు లేడని గ్లాసులు పగలగొట్టిన సైదులన్న, నా కంటే ముందుగనే అందుకున్నడు.

"మల్లేష్ అని రాసింది పెద్దమ్మా. నీ కొడుకు పేరే." తర్వాత మెల్లగ, "గా దుంకుడుకు నేను పద్నాలుగుసార్లు నోట్ల వేళ్లు పెట్టి సీటీ కొట్టిన" అన్నడు.

"కొట్టు నాయినా, మంచిదే. గానీ వానికి దెబ్బ తాకలేదు గద?"

మేం ముగ్గురం ఒకరి మొకాలు ఒకరం సూసుకున్నం. అన్నిసార్లు సూసినం, సీటీలు కొట్టినం, పది రెట్లు సాగదీసినం. పడ్డంక ఏమైందో మా ముగ్గురిల ఎవ్వరికీ తోచలే. నేను సీడీ పెట్టి ముక్క ముక్క ఎతికిన. లారీ ముట్టకముందే షాట్ అయిపోతది.

ఆమె సంచిల కాయితం మీద కొడుకు నంబరుండె. ఫోన్ చేసి స్పీకర్ పెట్టిన. విషయమంత చెప్పినంక మల్లేషన్న అన్నడు:

"దెబ్బలేం తాకలే, గడ్డి కింద పరుపులుండె. గానీ చెల్లె, మా పనిల మొకం కనపడొద్దు. కనపడితే తప్పు. పదకొండేండ్లల్ల ఒక్కసారి తల తిప్పిన. మా ఫైట్ మాస్టర్ పట్టలే, ఎడిటింగ్‌ల పట్టలే, సినిమా సూసినోళ్లు ఒక్కడు పట్టలే. నువ్వు పట్టి, పది రెట్లు సాగదీసి, కింద బంగారు అక్షరాలు కూడ పెట్టినవ్!"

"తప్పయింది అన్నా, ఇప్పుడే చెరిపేస్త."

"ఆగాగు." గొంతు మారింది. "మా నాయిన సూసిండా?"

"లే అన్నా. అమ్మనే సూసింది."

"ఒక్క కాపీ నాయినకు పంపి, తర్వాత చెరుపు."

ఆ కాపీల అక్షరాలు మార్చిన. "మల్లేష్, తిరుమలగిరి." మంటలు అట్లనే ఉంచిన, సైదులన్న ఉంచమన్నడు. యాదగిరన్న క్షమాపణ కాయితాన్ని నాలుగు ముక్కలు చేసి, "సామాను ఆడ పెట్టు పిల్లా, శ్రావణంల పదకొండు పెండ్లిళ్లున్నయ్" అన్నడు. సైదులన్న ఆ ముసలామెను బండి మీద బస్టాండుకు తీస్కపోయి, సీటు చూసి కూసోబెట్టి వచ్చిండు. అప్పటికెళ్లి చాయ్ హోటల్ల కొట్లాట ఆగలే, మాట మారింది: "మా హీరో డూపు మా దిక్కోడు రా! మీ హీరోకు ఉన్నడా?"

పది రోజులకు మల్లేషన్న ఫోన్ చేసిండు.

"నాయిన సూసిండు చెల్లె. ఊరందర్నీ పిలిచి మూడుసార్లు ఏపిచ్చుకున్నడంట."

"ఏమన్నడన్నా?"

"'గింత నెమ్మదిగ దుంకుతున్నడేందే? చిన్నప్పటికెళ్లి వీడు బద్ధకస్తుడే' అన్నడంట."

కాబట్టి, కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్న. ఇగ ఈ జన్మల ఎవ్వరి దుంకుడునూ, వాళ్ల నాయిన అనుమతి లేకుండ, ఒక్క రెట్టు కూడ సాగదీయను.