పోతురాజు పదిహేను ముళ్లు

"...ఇంకో మేకు కొట్టేవంటే గోడ రాలిపోతాది మావా. ఉన్న రెండు గడియారాలూ తప్పే సూపిస్తన్నాయి."

"తప్పు కాదే తాయారూ. ఆ ఊళ్లలో టైము అదే."

నెల్లిమర్లలో ఎవరినడిగినా చెబుతారు, పోతురాజుకి ఒకటే పిచ్చి. ఏ విమానాశ్రయం నుంచి దేనికి ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలో చెప్పందే ఆయనకి ముద్ద దిగదు. జన్మలో విమానం ఎక్కలేదు. జూటుమిల్లులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాక ఒక గ్లోబు కొన్నాడు. దానిమీద జనపనార దారం ఆనించి కొలుస్తాడు. విమానంలో గంట ప్రయాణానికో ముడి.

"నీ పప్పు ఉడికేలోగా విశాఖలో ఎక్కి హైదరాబాదులో దిగొచ్చే" అనేవాడు.

"దిగి అక్కడే తిను" అనేది భార్య తాయారు.

ఓసారి ఆవిడ మస్కట్ గడియారం చూసుకుని బయల్దేరి, విజయనగరం బస్సు అందుకోలేకపోయింది. "మస్కట్‌లో అయితే నువ్వు టైముకే వచ్చినట్టు" అని ఓదార్చాడు.

మూడో మేకు తగువు జరిగిన రోజునే పక్కింటి నీలవేణి మొగుడు భాస్కర్ ఓడలో పనికని బ్రెజిల్ వెళ్తున్నాడు. తెల్లవారుజామున దుబాయిలో విమానం మారాడు. పదకొండింటికి దిగుతాడని టిక్కెట్టు మీద ఉంది. పన్నెండయినా ఫోను లేదు. నీలవేణి మూడు నెలల బిడ్డకి పాలిచ్చే తల్లి. పొద్దుటి నుంచి మంచినీళ్లయినా ముట్టలేదు.

తాయారు కంచంలో అన్నం పట్టుకెళ్లి బతిమాలింది.

"ఆయన దిగేడని తెలిస్తేనే తింటాను పిన్నీ."

అంతలో చంకలో గ్లోబుతో పోతురాజు వచ్చాడు. ఏడుస్తున్న ఇంట్లో ఈ భాగోతం ఏమిటని తాయారు సిగ్గుతో చచ్చిపోయింది.

"ఆ పదకొండు ఆ ఊరిదమ్మా. మనకి సాయంత్రం ఏడున్నర. దుబాయి నుంచి సావోపాలో పన్నెండు వేల రెండొందల కిలోమీటర్లు, పదిహేను ముళ్లు. ఇప్పుడు ఏడు దాటీసి ఆఫ్రికా మీద ఉన్నాడు."

"నిజమేనా బాబాయ్?"

"ఏడో ముడి దగ్గర అన్నం పెడతారు. ఆడు తింతన్నాడు. నువ్విలా తలుసుకుంటా కూకుంటే ఆడికి పొలమారతాది."

నీలవేణికి నవ్వొచ్చింది. తాయారు చేతిలో కంచం అందుకుంది.

పోతురాజు ఇక ఆ గుమ్మం వదల్లేదు. గంటకోసారి దారం మీద వేలు జరిపి కేకేశాడు. "ఎనిమిది. సముద్రం వచ్చీసింది." "పది. మజ్జిగ తాగు."

ఏడున్నరకి వీధి వీధంతా అక్కడే ఉంది. "దిగీసేడు. దిగినోడు వైఫై ఎతుక్కోవాలి కదా. ఏడూ నలభై ఐదు" అన్నాడు.

ఏడూ నలభై రెండుకి ఫోను మోగింది. "ఒసే, దిగీసేను" అన్న మాట వీధి చివరిదాకా వినబడింది. కుర్రాళ్లు ఈలలేశారు.

"మూడు నిమిషాలు ముందే. గాలి కలిసొచ్చింది" అన్నాడు పోతురాజు, ఆ గాలి తనే ఊదినట్టు.

ఇంటికొచ్చి తాయారు పాత గడియారాలు దింపి దుమ్ము తుడిచింది. మస్కట్ దాని వెనక ఆయన రాత: 'ఎదురింటి షాలిని. తండ్రి ఏసుదానం కంగారు మనిషి.' సింగపూరు దాని వెనక: 'చివరింటి వెంకీ. తల్లికి బీపీ.'

రెండూ మళ్లీ తగిలించింది. సుత్తి తీసుకుంది.

"బ్రెజిల్‌ది కిటికీ పక్కన మావా. మేకు నేనే కొడతాను."