అవ్వ గుర్తుపట్టే టక్ టక్

మా చిన్నప్పుడు... పొద్దు గూకే వేళకి మా అవ్వ దర్వాజ పక్కన గద్దె మీద కూర్చుని చెవి రోడ్డు వైపు పెట్టేది. కళ్లకి శుక్లాలు వచ్చి మనుషులు నీడల్లా కనిపించేవారు ఆమెకి. చెవులు మాత్రం పాము చెవులు. ఊరి బయట కాలువ మీది మోరి దగ్గర మా బండి మలుపు తిరగగానే "వచ్చిండు" అని లేచి, గోడ పట్టుకుంటూ పోయి, పొయ్యి మీది కాగులో స్నానానికి నీళ్లు నింపేది. బాపు, అంటే అవ్వ కొడుకు, మా నాన్న, వచ్చి చెప్పులు విడిచేసరికి పొయ్యి అంటుకుని ఉండేది.

మాది ఎల్లారెడ్డి పక్కన ఊరు. ఆ పికప్ బండి మా తాత కొన్నది. ఆయన పోయాక బాపు నడిపేవాడు... కూరగాయలు, బెల్లం, ఎరువు బస్తాలు, ఏది దొరికితే అది వేసుకుని కామారెడ్డికి పోయి రావడం. ఇంజన్ గుడగుడ మధ్యలో ఒక టక్ టక్ వినిపించేది, సత్తు గిన్నెని చెంచాతో కొట్టినట్టు. తాత ఉన్నప్పుడూ అదే చప్పుడు, బాపు చేతికి వచ్చాకా అదే.

అవ్వకి అది గుర్తు. నాకేమో తల కొట్టేసినట్టుండేది... ఆ బండిలోంచి బడి ముందు దిగితే పిల్లలంతా ఖళ్లు ఖళ్లుమని దగ్గేవారు. దాని పేరే దగ్గుల బండి అయిపోయింది. ఏడో తరగతి పిల్లకి అంతకన్నా అవమానం ఏముంటుంది చెప్పండి?

నిజానికి బండి కూడా అలిసిపోయింది. లోడుతో ఎత్తు ఎక్కాలంటే నల్లటి పొగ కక్కేది. సామాన్లు దొరకడం మానేశాయి. తాత కాలం నుంచి మా బండి చూసే ఖాదర్ మేస్త్రి షెడ్డు కామారెడ్డిలో ఉండేది. ఆయన రెండు దారులు చెప్పాడు. ఇదే ఇంజన్‌ని విప్పి బాగుచేయడం ఒకటి. లేదంటే దెబ్బతిన్న జీపులోంచి తీసిన వేరే కంపెనీ ఇంజన్ షెడ్డులో ఉంది, దాన్ని ఎక్కించడం.

బాపు పది రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాడు. తేల్చింది నేను. అన్నం మానేసి, మాటలు మానేసి, నానా యాగీ చేసి వేరే ఇంజన్‌కి ఒప్పించాను. అవ్వని ఎవరూ అడగలేదు. ఇంజన్ సంగతి ముసలామెని ఎవరు అడుగుతారు...

దించే రోజు నేనూ వెళ్లాను. గొలుసుకి వేలాడుతూ పాత ఇంజన్ పైకి లేచింది. మేస్త్రి దాని మీద చెయ్యి పెట్టి నాతో అన్నాడు. "ఈ టక్ టక్ నేను ఎన్నడో బంద్ చేసేటోణ్ణి బిడ్డా. ట్యాపెట్ సెట్ చేస్తే పోతది. మీ తాతనే చెయ్యనియ్యలే. మా ఇంటామెకు గదే గుర్తు, ఉండనీ అన్నడు."

విన్నాను. విని, అవతల పెట్టిన కొత్త ఇంజన్‌ని చూడటానికి పరిగెత్తాను.

ఒక కంపెనీ ఇంజన్ ఇంకో కంపెనీ బండిలో అంత తేలిగ్గా కూర్చోదు. బోల్టు రంధ్రాలే కలవవు. మేస్త్రి చట్రానికి కొత్త పట్టీలు వెల్డింగ్ చేశాడు. ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య పెట్టడానికి లేత్ మిషన్ మీద ఒక ప్లేటు చేయించాడు. అంతా అయ్యాక ఆయిల్ చాంబర్ కింద ఇరుసుకి తగులుతోందని మళ్లీ దించాడు... రెండు వారాలు పట్టింది. ఈలోగా పాత ఇంజన్‌ని రామారెడ్డి దగ్గరి రైతు ఒకాయన చెరుకు గానుగకి పెట్టుకుంటానని తీసుకుపోయాడు.

బండి ఇంటికి వచ్చిన సాయంత్రం... మోరి దాటి వచ్చి ఇంటి ముందు ఆగింది. అవ్వ గద్దె మీద నుంచి లేవలేదు. బాపు దిగి దగ్గరికి వస్తే ఆ నీడని చూసి అంది, "ఎవలు బిడ్డా? మా పిలగాడు ఇంకా రాలే. కూసో, వస్తడు."

"నేనే అవ్వా" అన్నాడు బాపు. నేను పడీ పడీ నవ్వాను. అవ్వ కూడా నవ్వింది. ఆ రోజు బాపు చన్నీళ్లు పోసుకున్నాడు.

ఆ తర్వాత కూడా ఆమె చెవికి కొత్త చప్పుడు పట్టుబడలేదు. అలాంటి ఇంజన్లు రోడ్డు మీద బోలెడు. ఏది వచ్చినా లేచి, గోడ పట్టుకుని సగం దూరం పోయి, మనది కాదని తెలిసి వచ్చి కూర్చునేది. ఒకరోజు బాపుని అడిగింది. "పాత ఇంజన్ యాడున్నది బిడ్డా? ఒక్కపారి ఇనొస్త. మీ బాపు వచ్చినట్టు ఉంటది."

ఆదివారం తీసుకుపోతానన్నాడు. ఆదివారం పొద్దున్నే అవ్వ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గద్దె మీద కూర్చుంది. నేను ఏడుపు లంకించుకున్నాను... దోమకొండలో చిన్నమ్మ వాళ్లింటికి పోవాలని, అక్కడి పిల్లలకి బండి చూపించాలని. దగ్గి ఏడిపించినవాళ్లలో వాళ్లూ ఉన్నారు మరి. రెండూ ఒక్క రోజులో తెమలవని బాపు తల పట్టుకున్నాడు.

"పిల్ల ఏడుస్తున్నది, గటే పోండ్రి. గానుగ యాడికి పోతది" అంది అవ్వ.

గానుగ ఎక్కడికీ పోలేదు. చెరుకు అయిపోయింది. మరో వారానికి ఆ రైతు మళ్లీ పంట దాకా ఇంజన్ మీద టార్పాలిన్ కప్పేశాడు. పంట చేతికి వచ్చేసరికి అవ్వ లేదు.

ఆ ఏడు చెరుకు ఆడే రోజుల్లో బాపుతో రామారెడ్డి మీదుగా పోతుంటే పొలాల్లోంచి వినిపించింది... టక్ టక్. బాపు బండి పక్కకి తీసి, ఇంజన్ బంద్ చేసి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పొలాల వైపు చూసి అన్నాడు, "అవ్వ ఉంటే గిప్పుడు నీళ్లు పెడుతుండె."

నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఎక్కడిదాకా వచ్చారో ఫోన్లో చుక్క కదిలి చూపిస్తుంది. నీళ్లు స్విచ్ వేస్తే కాగుతాయి. రోడ్డు వైపు చెవి పెట్టి కూర్చునేవాళ్లు లేరు...

మీ ఇంట్లో ఏ చప్పుడు వింటే ఎవరు లేచేవారు? కింద రాయండి, అన్నీ చదువుతాను. ఆ మనిషి ఇంకా ఉండి, ఆ చప్పుడు ఎక్కడో ఇంకా మోగుతూ ఉంటే మాత్రం రాయడం తర్వాత... ముందు తీసుకుపోయి వినిపించి రండి.

నేను ఆ ఆదివారం దోమకొండ పోయాను.