రెబెక్కమ్మ పదకొండు గంటలు

మనుబోలులో జాకెట్లు కుట్టే రెబెక్కమ్మకు ఒకటే పిచ్చి. పొద్దున పదకొండు కొట్టకముందు, సాయంత్రం ఏడు దాటాక మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టదు. మధ్యలో తిన్నా గుడ్లు, చేపలు, ఆకుకూరలే. చుట్టూ వరిపొలాలున్న ఊళ్లో ఉంటూ అన్నాన్ని వెలివేసిన మనిషి ఆమె ఒక్కతే.

పెళ్లి విందుల్లో బిర్యానీ వడ్డిస్తే ముక్కలు ఏరుకుని, మెతుకులు పక్కామె విస్తరిలోకి తోసేది. కొలతలకని వెళ్తే నడుముకు టేపు చుట్టి, ఇడ్లీ ఎంత ద్రోహో చెప్పేదాకా వదిలేది కాదు. అయితే పది నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గి చూపించింది కాబట్టి ఊరి ఆడవాళ్లు నోరెత్తకుండా వినేవాళ్లు.

నవోమి కూడా వెళ్లింది. వారంలో చెల్లెలి పెళ్లి. తన పెళ్లినాటి జాకెట్టుకు ఇప్పుడు హుక్కులు పట్టడం లేదు. ఫోటోల్లో వెనక నిలబడమని అత్త ఇదివరకే అనేసింది. కానీ నవోమికి నాలుగు నెలల బిడ్డ ఉందని తెలిసి రెబెక్కమ్మ, ఊడిన హుక్కులు కుట్టడానికని జాకెట్టు మాత్రం తీసుకుంది.

"పాలిచ్చే తల్లికి ఈ ఉపవాసాలు లేవమ్మే. బిడ్డ పాలు మరిచినాక రా."

ఊరందరికీ చెప్పి తనకే చెప్పలేదని నవోమికి రోషం వచ్చింది. ఇంట్లో దొంగతనంగా పస్తులు మొదలుపెట్టింది. అయిదో రోజు జాకెట్టు కోసం తొమ్మిదింటికి కొట్టుకు వచ్చి, కళ్లు తిరిగి స్టూలు మీద కూలబడింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదని ఒప్పుకుంది.

రెబెక్కమ్మ లోపలికెళ్లి, భర్త బెన్హర్ కోసం వండిన అన్నం, చేపల పులుసు తెచ్చి ముందు పెట్టింది. నవోమి తల అడ్డంగా ఊపింది.

"నువ్వు తినకుండా కూర్చుంటే నేనొక్కదాన్నే ఎట్ట తినేదక్కా?"

రెబెక్కమ్మ గడియారం వంక చూసింది. తొమ్మిదీ పది. మూడేళ్లలో ఒక్కనాడూ తప్పని నియమం. పులుసు కలిపి పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఇద్దరం చెడినాం. ఇంక తిను."

గిన్నె ఖాళీ అయ్యాక నవోమి జాకెట్టు వేసుకుని చూసింది. హుక్కులన్నీ తేలిగ్గా పట్టాయి. ఆమె ముఖం వెలిగిపోయింది. "తగ్గినానా అక్కా?"

"నువ్వేం తగ్గలా. పక్క కుట్లు నేనే విప్పినా." రెబెక్కమ్మ గొంతు తగ్గించింది. "నా మాట విన్న మొదటి నెల్లో సగం ఊరు ఇట్టనే తగ్గింది. బయట చెప్పబాక."