నీడ పడని డిష్షు పైపు

నిన్న పొద్దున చాచా కొడుకు మా గేటు దగ్గర నిలబడి, "అక్కా, మా అబ్బా పోయిండు. నల్లగొండ దవాఖానల" అన్నాడు. లోపలికి వచ్చి బాపుకు చెప్పాను. ఆయన, "మస్తు మంచోడు. గని గా డిష్షు పని ఒక్కటే గాయినకు రాకపాయె" అన్నాడు. ఆ మాటకు ఏడవాలో నవ్వాలో నాకు తెలియలేదు.

చాచా మాకు చుట్టం కాదు. కట్టంగూర్‌లో రోడ్డు మీద రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఆయనది. ఏదడిగినా మొదటి మాట "ఏమో, చూద్దాం." విప్పిన రేడియో ముందు చాయ్ పెట్టుకుని మరిచిపోయి, చల్లారాక అదే ఇష్టమన్నట్టు తాగేవాడు. పని అయ్యాక కూడా "ఇప్పటికైతే పలుకుతాంది" అనేవాడు గాని, బాగైందని ఎన్నడూ అనలేదు. అమ్మ పోయాక రోజూ సాయంత్రం వచ్చి బాపు పక్కన కూర్చున్న మనిషి ఆయనొక్కడే.

అమ్మ సంగతి చెప్పాలి. ఈ ఇల్లు కట్టి మేము దిగిన ఏడాదిలోపే అమ్మ చనిపోయింది. గోడలు దిక్కులకు సరిగ్గా లేవని, అందుకే ఇట్లా అయిందని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. పునాది రోజు తాడు పట్టి ముగ్గు పోయించింది బాపే. అందుకని ఆ మాట ఎవరన్నా అంటే ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఇంట్లో ఏదో ఒక సందడి ఉండాలని చాచాయే పట్టుబట్టి టీవీకి మోటరు డిష్షు కొనిపించాడు. కింద మీట నొక్కితే మిద్దె మీద ఇనుప జాలీ డిష్షు మెల్లగా తిరిగి ఒక్కో ఉపగ్రహాన్నీ పట్టుకునేది. అట్లా పట్టుకోవాలంటే దాన్ని పైపుకు బిగించేటప్పుడు సరిగ్గా దక్షిణానికి చూపించాలి. అది చలికాలం. మిట్టమధ్యాహ్నం సరిగ్గా ఉత్తరానికి పడే పైపు నీడ చూసి చాచా దిక్కు పట్టాడు. అన్ని చానళ్లూ వచ్చాయి. డిష్షును గోడతో పోల్చి ఎవరూ చూడలేదు.

మే మొదట్లో గాలిదుమారం లేచి డిష్షును పైపు చుట్టూ తిప్పేసింది. మర్నాడు చాచా, బాపు నీడ కోసం మిద్దె మీద కూర్చున్నారు. మా వైపు ఆ రోజుల్లో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. నీడ పైపు కిందే ఉండిపోయింది. ఎండలో పుట్టి పెరిగిన ఇద్దరికీ ఆ సంగతి ముందు తట్టలేదు. నీడెందుకు, సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా కట్టిన మా గోడ ఉండగా అని బాపు పిట్టగోడ చూపించాడు. గోడ వెంబడి బిగిస్తే రెండు చానళ్లే వచ్చాయి. మోటరు తిప్పితే అన్నీ చుక్కలు.

చాచా మళ్లీ బోల్టు వదులు చేసి కొద్దికొద్దిగా జరపసాగాడు. నేను కింద టీవీ ముందు కూర్చుని కిటికీలోంచి కేక వేస్తున్నాను. బొమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి. మోటరు ఎటు తిప్పినా వచ్చాయి. సంతోషంగా మెట్లెక్కి వెళ్లేసరికి బాపు గోడనూ డిష్షునూ మార్చి మార్చి చూస్తున్నాడు. డిష్షు గోడకు ఓరగా ఉంది.

"ఇల్లు వంకరున్నదా భాయ్?" అని అడిగాడు.

చాచా చెమట తుడుచుకున్నాడు. పానా తీసుకుని డిష్షును మళ్లీ గోడ వెంబడికే తెచ్చి బిగించాడు.

"ఇల్లు సక్కగనే ఉన్నదన్నా. మోటరే ఖరాబైంది."

ఆ తరువాత మా ఇంట్లో రెండు చానళ్లే. చాచాకు పని రాదని బాపు అందరితో వేళాకోళమాడితే ఆయన తలూపి నవ్వేవాడు. ఒకసారి దుకాణంలో ఎవరూ లేనప్పుడు, ఇల్లు నిజంగా వంకరేనా అని అడిగాను. "గాలికి పైపే వంగిందేమో, నాకేం ఎరుక బిడ్డా" అన్నాడు. నిజంగానే తెలియదా, నా ముందు కూడా తెలియనట్టు ఉన్నాడా, నాకు అర్థం కాలేదు. ఏదైనా, ఇల్లు సక్కగనే ఉన్నదన్న ఆ మాట వల్లే మా బాపు ఈ ఇంట్లో అన్నం తిని నిద్రపోగలిగాడు. చాచాకు నేను ఆ కృతజ్ఞత ఎన్నడూ చెప్పలేదు. బాపుకూ తెలుసేమోనని ఈ మధ్య ఇంకో అనుమానం కూడా వస్తోంది. మోటరు మార్పిద్దామని బాపు ఒక్కసారి కూడా అనలేదు.

ఇప్పుడు ఊరికి కేబుల్ వచ్చింది. డిష్షు దింపేశాం, పైపు మిగిలింది.

నిన్న సాయంత్రం నమాజు అయ్యాక చాచాను మట్టికి తీసుకెళ్తామన్నారు. బాపు మధ్యాహ్నమే తెల్ల చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. నేను మిద్దె ఎక్కాను. పైపు నీడనూ గోడనూ ఒక్కసారి చూస్తే ఇల్లు వంకరో కాదో తెలిసిపోతుందనుకున్నాను. మే నెల అన్నది మరిచిపోయాను. మిద్దెంతా ఎండ. పైపు మొదట్లో ఎటువైపూ నీడ లేదు.